అంబాసిడర్‌ని కాటాకి వేసే ముందు ఒక్కసారి దాని కింద దూరి చూడండి

ఇది పంట గురించి పోస్టు కాదు, పాత కారు గురించి. మొక్కజొన్నకి తడి పెట్టి యూరియా వేశాక నాలుగు రోజులు ఊపిరి తీసుకునే వీలు దొరికింది, కూర్చుని రాస్తున్నా. పొడుగ్గానే ఉంటది, తీరిక చూసుకుని చదవండి.

మన తెనాలి వైపు ఊళ్లల్లో పాత ఇనుము కొనే ఆటోల వాళ్లు ఈమధ్య కొత్త ప్రశ్న ఒకటి నేర్చుకున్నారు. ఇదివరకు విరిగిన కర్రులు, తుప్పు పట్టిన మోటారు పైపులు ఉన్నాయా అని అడిగేవాళ్లు. ఇప్పుడు "అంబాసిడర్ ఏమన్నా ఉందా బాబాయ్" అంటున్నారు. టన్ను దాటిన బరువుండే బండి అది. కేజీల లెక్కన కాటా వేసి పాతికో ముప్పయ్యో వేలు చేతిలో పెడితే, గడ్డివాము పక్కన కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న కారుకి అదే మహాభాగ్యం అనుకుని ఇచ్చేస్తున్నారు. మా చుట్టుపక్కల నాకు తెలిసి నాలుగు బళ్లు అట్లా పోయాయి. అందులో రెండు పోవాల్సినవే. మిగతా రెండూ కొంచెం ఓపిక పడితే రోడ్డెక్కాల్సినవి.

నేను చెప్పదల్చుకున్నది ఇదే. పాత కారుని నిలబెట్టడానికి లక్షలు లక్షలు అక్కర్లేదు, ఖర్చు పెట్టే వరుస తెలియాలి. ముందు కాగితాలు, తర్వాత బండి కింది భాగం, తర్వాత బ్రేకులు, ఆ తర్వాత ఇంజిను, అన్నిటికంటే చివర రంగు. మనవాళ్లు దీన్ని సరిగ్గా తిరగేసి చేస్తారు. ముందు రంగు కొట్టిస్తారు, కొత్త సీటు కవర్లు వేయిస్తారు, పాటల పెట్టె పెట్టిస్తారు. డబ్బు అక్కడికి అయిపోతది. కారు తళతళా మెరుస్తా కొట్టంలోనే ఉంటది. రెండేళ్లకి లప్పం కింద నుంచి తుప్పు బుడగలు లేస్తాయి, అప్పుడు ఇనుము ఆటో వస్తది.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తా. మా మేనమామ ఒక రైస్ మిల్లు యజమాని దగ్గర పాతికేళ్లు డ్రైవరుగా చేశాడు. 1982 మోడల్ మార్క్ ఫోర్, పెట్రోలు బండి. యజమాని కొత్త కారు కొనుక్కున్నాక దీన్ని మామకి తక్కువలో ఇచ్చేశాడు. మామ 2021లో పోయాడు, అప్పటి నుంచి బండి వేపచెట్టు కింద ఉంది. ఇనుము వాళ్లు 29 వేలు అన్నారు. నేను అత్తకి 35 వేలు ఇచ్చి తెచ్చుకున్నా, 2024 ఎండాకాలంలో. రెండు ఎండాకాలాలు పని చేయించా. కారు ధర కాక బాగుచేతకి అయింది 96 వేలు. నాకున్నది రెండెకరాలు, కౌలు మూడెకరాలు. కాబట్టి ఇది ఉన్నోళ్ల ముచ్చట అనుకోకండి.

ముందు కాగితాల మాట. "పదిహేనేళ్లు దాటితే బండి తిరగనివ్వరంట కదా" అని ఊళ్లో పదిమందిలో ఎనిమిది మంది అంటారు. ఆ భయంతోనే సగం బళ్లు కాటాకి పోతున్నాయి. పదేళ్లు దాటిన డీజిలు బళ్ల మీద, 15 ఏళ్లు దాటిన పెట్రోలు బళ్ల మీద ఆంక్షలున్నది ఢిల్లీలో, దాని చుట్టుపక్కల ప్రాంతంలో. అక్కడి గాలి సంగతి వేరు. ప్రభుత్వ శాఖల బళ్లకి 15 ఏళ్లతో రిజిస్ట్రేషన్ తీసేసే నిబంధన 2023 ఏప్రిల్ నుంచి ఉంది. మీ ఇంటి కారుకి మన రాష్ట్రంలో అట్లాంటి నిషేధం లేదు. 15 ఏళ్లు నిండాక ఫారం 25 పెట్టి, బండిని తనిఖీకి చూపించి, అది నిలబడితే ఐదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్ చేయించుకోవచ్చు. గ్రీన్ ట్యాక్స్, కనీసం థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు కట్టుకోవాలి.

ఫీజు మాత్రం కోడిపిల్లని గద్ద తన్నుకుపోయినట్టుంది. మా మామ 2020లో రెన్యువల్‌కి కట్టిన ఫీజు 600. 2022 ఏప్రిల్ నుంచి అది 5,000 అయింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకి 10,000 చేశారు. నా బండి గడువు ఆ తర్వాతే వచ్చింది, కట్టా. పాత బళ్లు పొగ ఎక్కువ వదుల్తాయి, నిజమే, కాదనను. కానీ ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగని కారుకీ, రోజూ వంద కిలోమీటర్లు తిరిగే కారుకీ వయసు ఒక్కటే చూసి ఒకే ఫీజు వేయడం ఏం లెక్క? తిరిగిన దూరాన్ని బట్టి వేస్తే నేను నోరెత్తను.

ఇంకో చిక్కుంది, ఇది జాగ్రత్తగా చదవండి. గడువు దాటాక రెన్యువల్‌కి వెళ్తే కారుకి నెలకి 500 చొప్పున అదనపు ఫీజు నిబంధనల్లో ఉంది. ఏళ్ల తరబడి ఆర్సీ చచ్చిపోయిన బండికి ఇదే వేలల్లోకి పోతది. అందుకే బండి మీద రూపాయి పెట్టక ముందే ఆర్సీ పట్టుకుని రవాణా ఆఫీసుకి పోయి, మొత్తం ఎంత కట్టాలో లెక్క అడిగి కాగితం మీద రాయించుకోండి. మీ నంబరు పాత రిజిస్టర్లోనే ఉందా, కంప్యూటర్లోకి ఎక్కిందా అన్నది కూడా అప్పుడే చూసుకోండి. ఎక్కకపోతే ఆ పని ముందు. యజమాని చనిపోయి ఉంటే ఫారం 31తో వారసుల పేరు మీదకి మార్చాలి, ఆ తర్వాతే మీ పేరు మీదకి. మా అత్త పేరు మీదకి, అక్కణ్ణుంచి నా పేరు మీదకి మారడానికి నాలుగు నెలలు పట్టింది. తొందరపడి సంతకాలు మాత్రం తీసుకుని బండి తెచ్చుకుంటే, రేపు ఎవరినన్నా గుద్దితే కోర్టుకి తిరగాల్సింది చనిపోయినాయన పిల్లలు. అది న్యాయం కాదు.

ఆర్సీ అసలే లేదు, ఛాసిస్ నంబరు తుప్పులో కలిసిపోయింది అంటే మటుకు ఆ బండి జోలికి పోవద్దు. దాన్ని స్పేరు సామాన్లకి కొనుక్కోండి, తప్పులేదు. 50 ఏళ్లు దాటిన బళ్లకి వింటేజ్ రిజిస్ట్రేషన్ అని 2021లో పెట్టారు. ఫీజు 20 వేలు, పదేళ్లకి ఇస్తారు, నంబరులో వీఏ అని వస్తది. కానీ ఆ నంబరుతో రోజువారీ పనులకి తిప్పకూడదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ అంతే. మనకెందుకది? మనకి కావాల్సింది అమ్మని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లే కారు.

ఇక డబ్బు. కారు డబ్బు చేలోంచి రాకూడదు, చేలోకి పోవాల్సింది కాకూడదు. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా ఉంటా. పంట లోను తీసి కారుకి పెట్టినా, ఇంట్లో బంగారం తాకట్టు పెట్టినా, అది కారు నిలబెట్టడం కాదు, ఇల్లు పడగొట్టుకోవడం. మాకు రెండు గేదెలున్నాయి. పాల డబ్బులో దాణా ఖర్చు పోను మిగిలిన దాంట్లో నెలకింత అని మా ఆవిడ ఒక డబ్బాలో వేసేది. డబ్బా నిండితే పని జరిగేది, లేకపోతే ఆగేది. మధ్యలో ఒక గేదె ఎదకి రాక ఆరు నెలలు పని ఆగింది. ఆగితే ఏమవుద్ది? నాలుగేళ్లు ఆగిన బండి ఇంకో ఆరు నెలలు ఆగలేదా? పాత కారుకున్న సుఖం అదే, దానికి వాయిదా లేదు, వడ్డీ లేదు. కొత్త కారుకి నెలనెలా కిస్తీ ఉంటది, పంట పోయిందని బ్యాంకు వాడికి చెప్తే వింటాడా?

కింది భాగం సంగతికొస్తా, అసలు విషయం ఇక్కడే ఉంది. ట్రాక్టరుకీ లారీకీ ఉన్నట్టు అంబాసిడర్‌కి విడిగా ఛాసిస్ ఉండదు. బాడీయే దానికి వెన్నెముక. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అని ఉండేది, దాని మూడో సిరీస్ బండినే కలకత్తా దగ్గర ఉత్తరపారలో అంబాసిడర్ పేరుతో 1950ల చివర్లో మొదలుపెట్టారు, 2014 మే దాకా తీశారు. ఆకారం పెద్దగా మారలేదు, లోపలి కట్టుబడీ మారలేదు. కాబట్టి డోర్ల కింద పొడుగునా ఉండే పెట్టె లాంటి భాగం తుప్పు తింటే బండి నడుము విరిగినట్టే. పైకి చూస్తే తెలియదు, రంగు బాగానే ఉంటది.

చూసే పద్ధతి చెప్తా. పాత స్పీకర్లోంచి అయస్కాంతం తీసి మెత్తటి గుడ్డలో చుట్టి బాడీ మీద ఆనించుకుంటూ పోండి. ఎక్కడ అంటుకోదో అక్కడ ఇనుము లేదు, లప్పమే ఉంది. కాళ్ల కింద పట్టాలు మొత్తం లేపి స్క్రూడ్రైవర్ పిడితో కొట్టుకుంటూ పోండి. ఇనుము ఠంగ్ మంటది, తుప్పు చప్పగా మోగుతది. డిక్కీలో స్టెప్నీ పెట్టే చోట, చక్రాల పైన లోపలి వంపుల్లో బురద గీకి చూడండి. ముందు చక్రాలకి ఈ బండిలో పొడుగాటి ఇనప కడ్డీలు మెలి తిరిగి స్ప్రింగు పని చేస్తాయి, టార్షన్ బార్లు అంటారు. వాటి వెనక కొసలు బండి మధ్యలో కింద అడ్డంగా ఉన్న భాగానికి బిగించి ఉంటాయి. అక్కడ గనక ఇనుము చితికి ఉంటే, గుంటలో పడ్డప్పుడు ఏమవుద్దో మీరే ఊహించుకోండి. చివరగా ఒక పక్క జాకీ ఎత్తి ఆ పక్క డోర్లు తీసి వేసి చూడండి. నేల మీద బాగా పడే డోరు జాకీ మీద పడకపోతే బాడీ వంగుతోందని అర్థం.

ఆ నాలుగు బళ్లల్లో రెండు పోవాల్సినవే అని ఎందుకన్నానంటే, వాటికి ఈ కడ్డీల దగ్గరా, నడుము దగ్గరా రెండు చోట్లా పోయింది. అట్లాంటివాటి మీద ప్రేమ చూపించడం దండగ. నేల రేకు మాత్రం పోతే భయపడక్కర్లేదు, కొత్త రేకు వేయించుకోవచ్చు.

నా బండికి ఎడమ పక్క నడుమూ, డ్రైవరు కాళ్ల కింద నేలా పోయాయి. టింకరింగ్‌కి, రేకుకి, వెల్డింగ్‌కి 24 వేలు. ఒకే చోట ఎక్కువ పెట్టిన డబ్బు ఇదే, ఇందులో ఒక్క రూపాయీ కంటికి కనపడదు. వెల్డింగ్ చేయించేటప్పుడు రెండు పక్కలా ఒకేసారి కోయనివ్వద్దు. ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క, బండి కింద దిమ్మలు సమంగా పెట్టి, డోర్లు మూసి ఉంచి చేయాలి. లేదంటే తర్వాత జన్మలో డోర్లు సరిగ్గా పడవు. కింద నీళ్లు కారిపోయే చిన్న చిల్లులుంటాయి, చాలామంది టింకర్లు అవి పూడ్చేస్తారు, పూడ్చనివ్వద్దు. నీళ్లు నిలిచే చోటే తుప్పు, మురుగుకాలవ పూడుకుపోయిన చేను ఏమవుద్దో మనకి తెలియంది కాదు. ఇంకో మాట. పెట్రోలు ట్యాంకు దగ్గర నిప్పు పని ఉంటే ట్యాంకు దింపాల్సిందే. ఖాళీ ట్యాంకే కదా అనుకుంటారు. నిండు ట్యాంకు కన్నా ఆవిరి మిగిలిన ఖాళీ ట్యాంకే ఎక్కువ పేలుద్ది.

బ్రేకులు. నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. ఆ కాలం బళ్లకి బ్రేకు ఆయిల్ దారి ఒక్కటే, ఎక్కడ కారినా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతది. ఏళ్ల తరబడి ఆగిన బండిలో ఆ ఆయిల్ నీళ్లు పీల్చుకుని లోపలి నుంచి పైపుల్ని తినేస్తది. పెడల్ తొక్కితే గట్టిగా ఉంది కదా అని నమ్మొద్దు. వీల్ సిలిండర్లు నాలుగు చక్రాలవీ, మాస్టర్ సిలిండర్, రబ్బరు గొట్టాలు, ఇనప పైపులు మొత్తం మార్పించా, 11 వేలయింది. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటది. ఆ దుమ్ముని గాలి గొట్టంతో ఊదనివ్వకండి, తడిపి తుడవమనండి. మెకానిక్కు నవ్వుతాడు, నవ్వనివ్వండి.

టైర్లు గాడులు బాగున్నాయని అట్టిపెట్టుకోవద్దు. పక్కన నాలుగంకెల నంబరు ఉంటది, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. మా బండికి 2011 టైర్లున్నాయి, గాడులు కొత్తవాటిలా ఉన్నాయి, పక్కలు మాత్రం బీటలు తీసిన నల్లరేగడి లాగా ఉన్నాయి. నాలుగు టైర్లు, ట్యూబులు 18 వేలు.

ఇంజిను దగ్గర మనం ఎవరికీ తీసిపోం. ఆయిలింజను విప్పి బిగించిన రైతుకి, ట్రాక్టరు డీజిలు లైనులో గాలి తీసిన రైతుకి, ఈ 1489 సీసీ పెట్రోలు ఇంజిను కొరుకుడు పడని విషయం కాదు. కంప్యూటర్లు లేవు, సెన్సర్లు లేవు. నిప్పు రావాలి, పెట్రోలు రావాలి, గాలి రావాలి, అంతే. చాలాకాలం ఆగిన ఇంజిన్ని తాళం తిప్పి లేపబోకండి. ప్లగ్గులు నాలుగూ ఊడదీసి ఆ రంధ్రాల్లో డీజిలు, ఇంజినాయిలు కలిపి కొంచెం కొంచెం పోసి మూడు నాలుగు రోజులు నాననివ్వండి. తర్వాత ముందు నుంచి హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పండి. కదిలాక పాత ఆయిలు, పాత పెట్రోలు మొత్తం దించేసి కొత్తది పోసి, ప్లగ్గులు లేకుండానే కాసేపు తిప్పితే ఆయిలు పైదాకా ఎక్కుద్ది. అప్పుడు స్టార్ట్ చేయండి. మాది మూడో రోజుకి కదిలింది. గాలి వచ్చే గొట్టంలో ఎలకల గూడు, ఏకంగా ధాన్యంతో సహా ఉంది.

హెడ్డు విప్పాల్సి వస్తే లేత్ షాపులో వాల్వు సీట్లు గట్టివి వేయించండి. 2000 సంవత్సరం దాకా మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు దొరికేది, ఆ సీసం పాత వాల్వు సీట్లని కాపాడేది. ఇప్పుడది లేదు. రేడియేటరు రాగి, ఇత్తడిది అయితే అదే అట్టిపెట్టుకుని శుభ్రం చేయించి టాకా వేయించుకోండి, 2,500తో పోయింది నాకు. ఇంజిను పని మొత్తం 14 వేలు, వైరింగు 7 వేలు, బ్యాటరీ 5,500. వైరింగు పొదుపు చేయొద్దు. ఎలకలు కొరికిన వైరుకి టేపు చుట్టి సరిపెడితే కారు తగలబడుద్ది. మా మెకానిక్కు చేత ప్రతి లైనుకీ విడిగా ఫ్యూజు పెట్టించా.

1993 నుంచి వచ్చిన కొన్ని అంబాసిడర్లలో ఇసుజు 1800 సీసీ ఇంజిను ఉంటది, గేరు కూడా కింద ఉంటది. బండి అదే అయినా ఇంజిను సామాన్లు వేరు. కొనేటప్పుడు బానెట్ ఎత్తి చూసుకోండి.

మన పంటకి సంబంధించిన తమాషా ఒకటి ఇందులో ఉంది. మాగాణిలో వరి కోసి దున్నకుండా వేసే మన మొక్కజొన్న ఇప్పుడు ఇథనాల్ ఫ్యాక్టరీలకి పోతోంది. ఆ ఇథనాల్ నూటికి 20 వంతులు కలిసి పెట్రోలు బంకులో మనకే వస్తోంది. మొక్కజొన్నకి గిరాకీ ఉంటే నాకు సంతోషమే. కానీ ఇథనాల్ పాత రకం రబ్బరుని తింటది, గాల్లోంచి నీళ్లు పీలుస్తది. 1982 నాటి పెట్రోలు గొట్టాలు, పంపు లోపలి డయాఫ్రమ్, కార్బొరేటరు వాషర్లు దాన్ని తట్టుకోలేవు. నా చేలో పండింది నా కారు గొట్టం కొరుకుతోందన్నమాట. గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునే రకం వేయించండి, పెద్ద ఖర్చు కాదు. నెలల తరబడి ఆపేటప్పుడు ట్యాంకులో పెట్రోలు వదిలేయకండి. పెట్రోలు కారే గొట్టం వేడి ఇంజిను పక్కన ఉంటే ఏమవుద్దో చెప్పక్కర్లేదు.

రంగు సంగతి తొందరగా ముగిస్తా. కింది భాగానికి తుప్పు ఆపే ప్రైమరు, వెల్డింగ్ చేసిన చోట్ల అతుకు రంగు, 6 వేలు. మిగతాది మామ నాటి రంగే. కుడిపక్క మామ మోచెయ్యి ఆనించిన చోట రంగు అరిగి లోపలి రేకు కనపడుతోంది, దాన్నట్టాగే ఉంచా. సీట్లు ట్రాక్టరు సీట్లు కుట్టే ఆయన చేతే రెక్సిన్‌తో కుట్టించా, 8 వేలు. ఫోన్లో వీడియోలు చూసి పిల్లలు "పెదనాన్నా, అల్లాయ్ చక్రాలు వేద్దాం, డీజిలు ఇంజిను మార్చేద్దాం, ఏసీ పెట్టిద్దాం" అంటారు. ఆ వీడియోల్లో బండికి ఎనిమిది లక్షలు పెడతారు, పెట్టేవాడికి అది వ్యాపారం. మనం అనుమతి లేకుండా ఇంజిను మారిస్తే ఆర్సీతో పొసగదు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు, ఇన్సూరెన్సు వాడు చెయ్యి దులుపుకుంటాడు. పైగా ఆ బాడీ, ఆ బ్రేకులు ఆ ఇంజినుకి తగ్గట్టు చేసినవి. ఎడ్లబండికి గుర్రాన్ని కడితే ఇరుసు ఏమవుద్ది?

పెళ్లిళ్లకి అద్దెకిస్తే డబ్బులు వెనక్కి వస్తాయని కొందరంటారు. సొంత నంబరు బండిని అద్దెకి తిప్పకూడదు. టాక్సీ నంబరుకి మారిస్తే పర్మిట్లు, పన్నులు, ఫిట్‌నెస్‌లు వేరే లెక్క. ఏడాదికి నాలుగు పెళ్లిళ్ల కోసం అదంతా మనవల్ల కాదు. ఇది డబ్బు తెచ్చే పని కాదు, ముందే ఒప్పుకుని దిగాలి. లీటరుకి తొమ్మిది, పది కిలోమీటర్లు ఇస్తది. రోజూ తిప్పడానికి మోటారు సైకిలు ఉండనే ఉంది.

మరి ఎందుకయ్యా అంటారు. నా చిన్నప్పుడు మా ఊళ్లో రెండే కార్లుండేవి, రెండూ అంబాసిడర్లే. రాత్రిపూట పురుడు కష్టమైతే, పాము కరిస్తే, ఎవరన్నా పురుగుమందు తాగితే ఆ రెండిట్లో ఒకటే తెనాలి ఆసుపత్రికి కదిలేది. అందరికీ కదిలేది కాదు, అది కూడా రాయాలి. ఎవరి వాకిట్లో అడగాలి, ఎవరు ముందు సీట్లో కూర్చోవాలి, ఎవరు అసలు ఎక్కకూడదు అనే లెక్కలుండేవి. మా మామ డ్రైవరు కాబట్టి యజమాని నిద్రపోయాక కొన్నిసార్లు ఆ లెక్కలు తప్పించి తీసుకెళ్లేవాడు. అట్లా బతికిన మనుషులు మా ఊళ్లో ఇంకా ఉన్నారు. ఒకాయన ఈ కారులోనే పుట్టాడు, ఆసుపత్రి చేరేలోపే. ఇప్పుడాయనకి నలభై దాటాయి, కౌలు రైతు. మొన్న బండి స్టార్టయిన రోజు వచ్చి వెనక సీటు మీద చెయ్యి వేసి చూసి వెళ్లాడు, ఏమీ మాట్లాడలేదు.

ఇంకొక కారణం మెకానిక్కు. నా బండి చేసినాయనకి డెబ్బై దాటాయి. చెవి ఆనించి ఏ సిలిండరు సరిగ్గా కొట్టట్లేదో చెప్తాడు. ఆయన దగ్గర నేర్చుకునే కుర్రాడు ఒక్కడూ లేడు, ఎందుకంటే అంబాసిడర్ పని రావట్లేదు. పని రావట్లేదు కాబట్టి నేర్చుకునేవాడు లేడు, నేర్చినవాడు లేడు కాబట్టి బళ్లు కాటాకి పోతున్నాయి. ఇంకో ఐదేళ్లు పోతే డబ్బు పట్టుకుని తిరిగినా చేసేవాడు దొరకడు. ఇట్లాంటివాళ్ల దగ్గర కూలీ బేరమాడకండి. మనం ధాన్యానికి మద్దతు ధర అడుగుతాం కదా, అట్లాగే ఆయన చేతికీ ఒక ధర ఉంటది. నేను మా ఇంటర్ చదివే మేనల్లుడిని సెలవుల్లో ఆయన పక్కన కూర్చోబెట్టా. కార్బొరేటరు విప్పడం నేర్చాడు, ఇప్పుడు మా ఊరి స్ప్రేయర్ ఇంజిన్లన్నీ వాడే చేస్తున్నాడు.

సామాన్ల గురించి భయం వద్దు, ఇప్పుడైతే దొరుకుతున్నాయి. విజయవాడ ఆటోనగర్లో ఓపికగా తిరిగితే చాలావరకు దొరుకుతాయి. దొరకనివి కలకత్తా మల్లిక్ బజారు నుంచి లారీ పార్సిల్లో తెప్పించుకోవచ్చు. అక్కడి పసుపు టాక్సీలు అంబాసిడర్లే, 15 ఏళ్ల నిబంధనతో ఏటా కొన్ని రోడ్డు దిగిపోతున్నాయి. ఆఖరి బండి 2014లో వచ్చింది కాబట్టి ఇంకో మూడు నాలుగేళ్లకి అవి కూడా అయిపోతాయి. అప్పుడు విప్పిన సామాన్లు ఇంత చవగ్గా ఉండవని నా అంచనా. చేయించాలనుకునేవాళ్లు ఈ ఎండాకాలమే మొదలుపెట్టండి. మొక్కజొన్న కోత అయ్యాక, నారుమళ్లు పోసేలోపు మనకి నెలన్నర ఉంటది. టింకరు దగ్గర పని ఒత్తిడి ఎట్లా ఉందో ముందే కనుక్కోండి.

ఎవరి దగ్గరన్నా నడుము పోయిన మార్క్ ఫోర్ బండి ఉండి, దాన్ని ఎటూ కాటాకి వేయాలని తీర్మానం అయిపోతే, వేసేముందు కామెంటులో ఒక మాట చెప్పండి. ఎడమవైపు వెనక డోరు అద్దం తిప్పే హ్యాండిలు, డిక్కీ మూతకి ఉండే క్రోమ్ పిడి నాకు కావాలి. ఇనుము వాడిచ్చే ధర కాదు, సామాను ధరే ఇస్తా.